మన జంతికల నూనె కోసం ఇండోనేషియాలో అడవి పోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న అడిగినవారు గుంటూరులో గ్రూప్స్‌కి చదువుకుంటున్నారు. పట్నంబజార్ దగ్గర వాళ్ల నాన్నగారికి పిండివంటల షాపు ఉంది. జంతికలు, చెగోడీలు, బూందీ అన్నీ పామోలిన్‌లోనే వేయిస్తారట. పామాయిల్ తోటల కోసం ఇండోనేషియాలో అడవులు కొట్టేశారని, ఒరాంగుటాన్లు అంతరించిపోయే దశకి వచ్చాయని చదివి మూడు సంగతులు అడిగారు. ఆ నష్టం అడవి కొట్టిన దేశం ఖాతాలో పడుతుందా, నూనె కొన్న దేశం ఖాతాలోనా? అమెరికా, యూరప్ ఇన్నాళ్లూ చేసింది వదిలేసి ఇప్పుడు మనల్ని అడగడం న్యాయమేనా? చివరగా, "మా నాన్న కూడా ఇందులో భాగస్థుడేనా సార్?"

సూటిగా చెబుతాను. చట్టం దృష్టిలో బాధ్యత ఇండోనేషియాది. న్యాయంగా చూస్తే కొన్న దేశానికీ వాటా ఉంది, పామాయిల్ విషయంలో మన వాటా చాలా పెద్దది. అయితే ఆ వాటా మోయాల్సింది కేంద్ర ప్రభుత్వం, పెద్ద దిగుమతిదారులు. మీ నాన్నగారి కళాయి జోలికి రావాల్సిన అవసరం లేదు. ఎందుకలా అంటున్నానో ఇక తీరిగ్గా చెప్పుకుందాం.

నేను ఈ మాటలు ఎక్కడ నిలబడి చెబుతున్నానో కూడా తెలియాలి కదా. విజయవాడలో వంటనూనెల కొనుగోళ్లలో చాలా ఏళ్లు పనిచేశాను. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే పామాయిల్ కాగితాలు చూసుకోవడం నా పని. తర్వాత రొయ్యల ఎగుమతి వైపు వచ్చాను. ఈ సరుకు ఏ చెరువుది, చెరువు తవ్వకముందు అక్కడ ఏముండేది అని విదేశీ కొనుగోలుదారులు అడిగితే ఆధారాలు తయారుచేసిపెట్టడం ఇప్పుడు చేస్తున్న పని. అంటే మొదట కొనేవాళ్ల వైపు, తర్వాత అమ్మేవాళ్ల వైపు, రెండు పక్కలా కూర్చున్నాను. అందుకే ఈ విషయం మీద కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

చట్టం సంగతి త్వరగా కానిచ్చేద్దాం. 1972 స్టాక్‌హోమ్ ప్రకటనలో 21వ సూత్రం, 1992 జీవవైవిధ్య ఒప్పందంలో 3వ అధికరణం చెప్పేది ఒకటే. ఏ దేశపు వనరులు ఆ దేశానివి, వాడుకునే హక్కు దానిదే. కానీ తన అధికార పరిధిలో, తన అదుపులో జరిగే పనుల వల్ల బయటి దేశాల పర్యావరణం పాడవకుండా చూసుకోవాలి. మెలిక అంతా ఆ "అధికార పరిధి" దగ్గరే ఉంది. సుమత్రాలో అడవి కొట్టింది ఇండోనేషియా నేల మీద, అక్కడి పర్మిట్‌తో, లేదా అక్కడి అధికారుల కళ్లుగప్పి. గుంటూరులో మనం జంతికలు కొనుక్కోవడానికీ ఆ నరికివేతకీ మధ్య రైతు, మిల్లు, ట్రేడర్, ఓడ, రిఫైనరీ, హోల్‌సేలర్ ఇంతమంది ఉన్నారు. వీళ్లందరినీ దాటుకుని వచ్చి ఇండియా దేశమే తప్పు చేసిందని అంతర్జాతీయ చట్టం కింద నిలబెట్టడం ఇప్పటికైతే అయ్యే పని కాదు.

గాలి మాత్రం మారుతోంది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలన్నీ ఒప్పుకున్న కున్మింగ్–మాంట్రియల్ ప్రణాళికలో 16వ లక్ష్యం వినియోగం గురించే. మనం తినే తిండి, వాడే వస్తువుల వల్ల ప్రపంచం మీద పడుతున్న భారాన్ని 2030 నాటికి న్యాయమైన పద్ధతిలో తగ్గించాలంటుంది. 15వ లక్ష్యం పెద్ద కంపెనీలని, మీ సరుకు వచ్చే దారి పొడవునా ప్రకృతికి ఏం జరుగుతోందో బయటపెట్టండి అంటుంది. కట్టుబడకపోతే శిక్ష ఏమీ లేదు. కానీ ఆ కాగితం మీద మన దేశమూ ఉంది. 2024లో 23 లక్ష్యాలతో మన జాతీయ ప్రణాళిక కూడా సమర్పించాం.

ఇక అసలు విషయం, వాటా. ఎవరి వల్ల ఎంత?

2012లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 187 దేశాల మధ్య జరిగే వ్యాపారాన్ని, ముప్పులో ఉన్న జీవజాతుల జాబితాని ఎదురెదురుగా పెట్టి లెక్క వేశారు. ప్రపంచంలో జంతుజాతులకి ఉన్న ముప్పుల్లో దాదాపు 30 శాతం అంతర్జాతీయ వ్యాపారం వల్లే అని తేలింది. కాఫీ, కలప, పామాయిల్ లాంటివి తినేవాళ్లు, వాడేవాళ్లు ఒకచోట ఉంటే అడవి ఇంకోచోట తరిగిపోతోందన్నమాట. 2025లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. 2001 నుంచి 2015 వరకు 24 సంపన్న దేశాల దిగుమతుల వల్ల ఇతర దేశాల్లో పోయిన అడవిని, ఆ అడవినే నమ్ముకున్న జీవుల ఆవాసాన్ని లెక్కగట్టారు. ఆ దేశాలు సగటున తమ సొంత గడ్డ మీద చేసిన నష్టం కంటే బయట చేసిన నష్టం 15 రెట్లు ఉందట.

కాబట్టి మీ రెండో ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ 24 దేశాల్లో మనం లేము. తలసరి చూస్తే సగటు భారతీయుడు బయటి అడవుల మీద వేసే బరువు సగటు అమెరికన్‌తో పోలిస్తే ఏ మూలకీ రాదు. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూడా ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు.

కానీ ఆ మాటతోనే ఆగిపోతే మోసం చేసుకున్నట్టే. పామాయిల్ ఒక్కదాంట్లో మనం ప్రపంచంలోనే అతిపెద్ద దిగుమతిదారులం. ఏడాదికి 80–90 లక్షల టన్నులు, కొన్నేళ్లు ఎక్కువ, కొన్నేళ్లు తక్కువ. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, ఆ వచ్చేదాంట్లో సగం అటూ ఇటూ పామే. షాపుల్లో "రిఫైన్డ్ ఆయిల్" అని తెలిసి కొనేది కొంతే. మిగతాది బిస్కెట్లలో, బేకరీ సరుకులో, సబ్బులో, హోటల్ పూరీలో కనపడకుండా మన దగ్గరికి వచ్చేస్తుంది. తలసరి తక్కువైనా 140 కోట్లతో గుణిస్తే అది సుమత్రా, కాలిమంటన్ (బోర్నియో దీవిలో ఇండోనేషియా భాగం) దాకా తెలిసే పరిమాణం. టపానులి ఒరాంగుటాన్‌ని వేరే జాతిగా గుర్తించింది 2017లోనే. అప్పటికే 800 లోపు మిగిలాయి. పామ్ తోటలే దాని ముప్పంతా అనను, అక్కడ గని ఉంది, డ్యామ్ ఉంది. అయినా అలాంటి చోట ఇంకో వంద హెక్టార్లు కొట్టినా సరుక్కి గిరాకీ ఉంటుంది అనే ధీమా ఎక్కడి నుంచి వస్తోంది? నా అనుభవంలో అది మనలాంటి కొనుగోలుదారుల దగ్గర నుంచే.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. వార్తల్లో రానిది ఇదే.

ఇండోనేషియా నుంచి ముడి పామాయిల్ ఓడ వచ్చిందనుకోండి. కాగితాల కట్టలో బిల్ ఆఫ్ లేడింగ్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, నాణ్యత రిపోర్టు ఉంటాయి. ఆరిజిన్ అన్నచోట "ఇండోనేషియా" అని ఒక్క మాట. లోడింగ్ పోర్టు దుమాయ్ అనో, బెలావన్ అనో. నాణ్యత రిపోర్టులో నూనె ఎంత చెడిందో చెప్పే ఎఫ్‌ఎఫ్‌ఏ 5 శాతం లోపు, తేమ, మడ్డి కలిపి అర శాతం లోపు. కొనేవాడి కళ్లు ముందు అక్కడికే పోతాయి, ఎందుకంటే ఎఫ్‌ఎఫ్‌ఏ పెరిగితే రిఫైనింగ్‌లో తరుగు పెరుగుతుంది, అది నేరుగా డబ్బు. ఏ మిల్లు, ఏ జిల్లా అనేది ఆ కట్టలో ఎక్కడా ఉండదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు.

అడిగితే చెప్పలేరా అంటే, చెప్పగలరు. పామ్ గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లులో పడకపోతే నూనె పాడవుతుంది. ఏలూరు వైపు పామాయిల్ తోటలున్న రైతు ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. అందుకే ప్రతి మిల్లుకీ చుట్టుపక్కల కొన్ని పదుల కిలోమీటర్ల లోపు తోటల నుంచే గెలలు వస్తాయి. మిల్లు పేరు చెబితే అది ఏ అడవి అంచున ఉందో శాటిలైట్ బొమ్మ మీద చూసేయొచ్చు. నిజానికి 2013 చివరి నుంచి పెద్ద ట్రేడర్లు కొత్తగా అడవి కొట్టిన చోటి సరుకు కొనబోమని హామీలిచ్చారు, మిల్లుల జాబితాలు బయటపెట్టారు. 2012 తర్వాత పదేళ్ల పాటు ఇండోనేషియాలో పామ్ కోసం అడవి కొట్టడం బాగా తగ్గింది కూడా. ఆ ఘనతలో కొంత వాళ్ల ప్రభుత్వానిది. కొత్త పర్మిట్ల మీద 2011లో పెట్టిన నిషేధాన్ని 2019లో శాశ్వతం చేశారు.

మరి మిల్లు పేరు తెలిసే వీలుండగా మన ఓడ కాగితాల్లో ఎందుకు రాదు? రేవు దగ్గర పెద్ద ట్యాంకుల్లో అన్ని మిల్లుల నూనె కలిసిపోతుంది. విడిగా ఉంచాలంటే విడి ట్యాంకు, విడి పైపు, విడి లెక్కలు కావాలి, దానికి టన్నుకి ఇన్ని డాలర్లు అదనం. యూరప్ కొనుగోలుదారు ఆ అదనం ఇస్తాడు, విడి ట్యాంకు నూనె అటు పోతుంది. ఏ ప్రశ్నా లేని మిగతా నూనె మన వైపు, ఇంకా చాలా దేశాల వైపు వస్తుంది. శుభ్రమైన సరుకు అడిగినవాడికి పోతుంది, మిగిలింది అడగనివాడికి వస్తుంది. అడగనివాడు ఉన్నంతకాలం అడవి కొట్టినవాడికి నష్టం రాదు. కొన్న దేశానికి వాటా ఉందని నేను అనడానికి కారణం ఇదే. నైతికత సంగతి తర్వాత, ఇది వట్టి వ్యాపారం.

అయితే "కొన్న దేశం" అంటే ఎవరు? ఇక్కడే చాలామంది వ్యాసాల్లో జారిపోతారు. "మనమందరం బాధ్యులం" అని రాసి ముగిస్తారు. మనమందరం అంటే ఎవరూ కాదనే.

ఇండియాలో ఏ నూనె ఎంత దిగాలో తేల్చేది కళాయి ముందున్నవాళ్లు కాదు, కస్టమ్స్ సుంకం. 2024 సెప్టెంబరులో ముడి పామ్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, మన నూనెగింజల రైతుకి ధర రావాలని. 2025 మే చివర్లో 10 శాతానికి దించారు, వంటింట్లో ధర తగ్గాలని. రెండూ అర్థమయ్యే కారణాలే. కానీ రెండుసార్లూ అడవి అనే మాట ఆ లెక్కలోకే రాలేదు. మిల్లు వివరాలతో వచ్చిన నూనెకి ఒక శాతం తక్కువ సుంకం, వివరాలు లేనిదానికి మామూలు సుంకం అని పెడితే ఎన్ని ఓడల కాగితాలు ఒక్క ఏడాదిలో మారిపోతాయో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలుసు.

ఇంకోటి, రేషన్. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ షాపుల్లో పామోలిన్ ఏళ్ల తరబడి ఇచ్చారు. 2013లో తొమ్మిది సరుకులతో వచ్చిన అమ్మహస్తం సంచిలో కూడా ఉంది. పేదవాళ్ల ఇళ్లలో నూనె చుక్క పడిందంటే దానివల్లే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ పామోలిన్ రుచి ఇంటింటికీ అలవాటు చేసింది ప్రభుత్వమే అన్నది మర్చిపోకూడదు. లక్షల టన్నులు టెండర్ వేసి కొనేవాళ్లు టెండర్‌లో ఒక్క షరతు అదనంగా రాయలేరా? ఒక వీధి షాపు ఆయన్ని నిలదీయడం కంటే ఈ ప్రశ్న అడగడం మేలు.

ఇప్పుడు రెండో వైపు. ఇది మన కృష్ణా, బాపట్ల తీరపు సంగతి. గ్రూప్స్ వ్యాసానికి దీనికి మించిన ఉదాహరణ మీకు దొరకదు.

అమెరికా వాళ్లు 1989లో ఒక చట్టం చేశారు. రొయ్యల వలల్లో సముద్ర తాబేళ్లు చిక్కి చనిపోతున్నాయి కాబట్టి, తాబేలు బయటికి జారిపోయే చట్రం, టెడ్ అంటారు, వలకి బిగించని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనబోమన్నారు. 1996 నుంచి ఆసియా దేశాలకీ వర్తింపజేశారు. ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో కేసు వేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. పేపర్లలో "మనం గెలిచాం" అన్న ధోరణే ఎక్కువ. తీర్పు చదివితే సంగతి వేరు. తాబేళ్లని కాపాడాలనే ఉద్దేశంతో దిగుమతి ఆపడం తప్పు కాదన్నారు. తప్పు అమలు చేసిన తీరులో ఉందన్నారు. కరీబియన్ చుట్టుపక్కల దేశాలకి సర్దుకోవడానికి మూడేళ్లు, సాంకేతిక సాయం ఇచ్చి, మనకి నాలుగు నెలలే ఇచ్చారు, ముందు కూర్చుని మాట్లాడలేదు. అమెరికా ఆ తీరు దిద్దుకుంది. తర్వాత మలేషియా మళ్లీ సవాలు చేస్తే 2001లో ఓడిపోయింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకి అమెరికా తలుపు మూసే ఉంది, టెడ్ లేదనే.

ఇది అక్షరాలా మీ ప్రశ్నే. ఒక దేశం "మా పళ్లెంలో పడే తిండి వల్ల మీ సముద్రంలో ప్రాణి చావకూడదు, అది మా బాధ్యత కూడా" అంది. సూర్యలంక వైపు, హంసలదీవి వైపు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన అతిథులే. సీజన్‌లో ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లని చూసినవాళ్లు ఎవరూ ఆ ఉద్దేశాన్ని తప్పనరు. కానీ ఆ నిబంధన బరువు ఎవరి మీద పడిందో చూడండి. టెడ్ బిగిస్తే కొంత సరుకు కూడా జారిపోతుందని బోటు యజమాని భయం, డీజిల్ ఖర్చు కూడా రాదని కూలీ టెన్షన్. బోస్టన్‌లో తినేవాళ్లు దానికోసం ఒక్క డాలర్ అదనంగా ఇచ్చింది లేదు.

చెరువుల్లోనూ ఇదే కథ. అమెరికాకి వెళ్లే రొయ్యల్లో ఎక్కువ భాగం పెంపకపు వనామీ. కృష్ణా ముఖద్వారం దగ్గర మడ అడవిలో ఫిషింగ్ క్యాట్ అనే నీటిపిల్లి ఉంటుంది, చేపలు పట్టి తింటుంది, ప్రపంచ జాబితాలో ముప్పులో ఉన్న జంతువు. దాని ఆవాసం పక్కదాకా చెరువులు వచ్చేశాయి. కొనుగోలుదారులు అడిగే ఒక సర్టిఫికేషన్‌లో, 1999 తర్వాత మడ అడవి కొట్టిన చోట చెరువు ఉండకూడదు అనే షరతు ఉంది. షరతు మంచిదే.

రేపల్లె వైపు రెండెకరాల చెరువు కౌలుకి తీసుకున్న ఒక రైతుని ఇదే అడిగాం. ఆయన దగ్గరున్నది ఒక తెల్లకాగితం కౌలు ఒప్పందం. పొలం యజమాని హైదరాబాద్‌లో ఉంటారు, ఫోన్ ఎత్తరు. అడంగల్‌లో ఉన్న సర్వే నంబరుకీ, చెరువు నిజంగా ఉన్న చోటుకీ పొంతన లేదు. పాత శాటిలైట్ బొమ్మలో ఆ చోట వరిపొలమే కనపడింది, అంటే ఆయన తప్పేమీ లేదు. కానీ కాగితం లేదు కాబట్టి ఎగుమతి కంపెనీ ఆ చెరువుని జాబితాలోంచి తీసేసింది. రొయ్యలు పట్టిన రోజున కమీషన్ వ్యాపారి వచ్చి అదే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) సరుకుని కిలోకి కొంత తగ్గించి కొన్నాడు, ఐస్ వేయించి వేరే లాట్‌లో కలిపి పంపించాడు. ఆ రొయ్య ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. షరతు పెట్టినవాళ్ల మనస్సాక్షి శుభ్రంగా ఉంది, అడవికి ఒరిగింది లేదు, పోయింది కౌలురైతు డబ్బు.

దుమాయ్ ట్యాంకుల్లో జరిగేది, రేపల్లె చెరువు గట్టు మీద జరిగింది ఒకటే. అందుకే ఇండియా తన వాటా ఒప్పుకోవాలి అన్నప్పుడల్లా రెండో మాట కూడా కలిపి చెబుతాను: మనం బాధపడిన పద్ధతిలో ఇంకొకర్ని బాధపెట్టకూడదు. ఇండోనేషియాలో పామ్ తోటల్లో సుమారు 40 శాతం చిన్న రైతులవి. కాగితం లేని సరుకు వద్దని రేపు ఒక్క ఉత్తర్వు ఇస్తే పెద్ద కంపెనీలు వారంలో కాగితాలు పెడతాయి, రెండు హెక్టార్ల రైతు బయటికి పోతాడు. యూరప్ యూనియన్ 2023లో చేసిన అటవీ నిర్మూలన నిబంధన విషయంలో ఇండోనేషియా, మలేషియా గొడవ చేసింది ఇందుకే. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన చోటి పామాయిల్, సోయా, కాఫీ, కోకో, రబ్బరు, కలప, పశువుల ఉత్పత్తులు తమ మార్కెట్లోకి రాకూడదని దాని సారాంశం. ప్రతి తోటకీ లొకేషన్ ఇవ్వాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది. మన అరకు కాఫీ రైతులకీ దీని సెగ తగిలేదే.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే ఈ జవాబు చదివి ఎవరైనా రేపే "పామాయిల్ బహిష్కరించండి" అని పోస్టర్ వేస్తారు.

పామ్ మానేసి ఇంకో నూనెకి మారితే అడవి బతుకుతుందనుకోవడం తొందరపాటు. పామ్ చెట్టు హెక్టారుకి మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా అర టన్ను అటూ ఇటూ. అంతే నూనె సోయాలో కావాలంటే చాలా రెట్లు ఎక్కువ నేల కావాలి. మనకి సోయానూనె వచ్చేది ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, అక్కడ చాకో, సెరాడో అడవులు, పచ్చికబయళ్లు ఇప్పటికే దున్నేస్తున్నారు. మొక్కని తిట్టి లాభం లేదు, దాన్ని ఎక్కడ నాటారన్నది చూడాలి.

"మనమే పండించుకుందాం" అన్నది కూడా జాగ్రత్తగా అనాల్సిన మాట. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ పెట్టింది. మన రాష్ట్రం ఈ పంటలో ముందుంది, పరిశోధన సంస్థ కూడా ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉంది. మన దగ్గర ఇది పాత సాగుభూముల్లోకి వచ్చింది కాబట్టి అడవి గొడవ తక్కువ, నీటి గొడవ ఉంది. అదే మిషన్‌లో ఈశాన్య రాష్ట్రాల మీద, అండమాన్ మీద ప్రత్యేక దృష్టి అన్నారు. బయటి అడవిని కాపాడటానికి మన అడవిని పెడతామంటే ఎలా?

ఇంకొకటి. ఇండోనేషియా పామాయిల్ అంతా ఎగుమతికే అనుకోకండి. వాళ్లు డీజిల్‌లో 40 శాతం పామ్ ఆధారిత ఇంధనం కలపడం 2025లో మొదలుపెట్టారు. వాళ్ల సొంత వాడకం పెరుగుతోంది. కాబట్టి అక్కడి నష్టమంతా కొనేవాళ్ల మీద తోసేయడం కూడా సరైన లెక్క కాదు. 2022 ఏప్రిల్ చివర్లో వాళ్లు మూడు, నాలుగు వారాలు పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు, ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ అప్పటికే దొరక్క, మన దగ్గర నూనె ధరలు ఎలా ఎగిరాయో మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. అమ్మే దేశం కూడా బలహీనురాలేమీ కాదు.

మరి ఇండియా ఏం చేస్తే తన వాటా మోసినట్టు? నన్నడిగితే మొదట లెక్క. బ్రిటన్ తన వినియోగం వల్ల బయటి దేశాల్లో పడే అటవీ నష్టం, జీవజాతుల నష్టం మీద ఒక అధికారిక సూచీ ప్రచురిస్తోంది. మనకి ఇంపోర్టు గణాంకాలు అన్నీ ఉన్నాయి, ఆ పని మనవాళ్లకి కష్టం కాదు. తర్వాత మిల్లు పేరు చెప్పిన నూనెకి సుంకంలో చిన్న రాయితీ. నిషేధం వద్దు, రాయితీ చాలు. ప్రభుత్వ టెండర్లలో అదే షరతు, గడువు ఇచ్చి. ఆ పైన, చిన్న రైతుకి కాగితాలు తయారుచేసే ఖర్చులో కొంత కొనేవాళ్లే పెట్టుకోవాలి. మన రొయ్యల రైతుకి ఇది ఎవరూ చేయలేదు కాబట్టి ఎంత అవసరమో నాకు తెలుసు.

యూరప్, అమెరికా సంగతేమిటంటే, వాళ్ల వాటా ఎక్కువ, వాళ్లే ముందు కట్టాలి. 1992 రియో ప్రకటనలో 7వ సూత్రం చెప్పేది అదే, అందరికీ బాధ్యత ఉమ్మడిదే కానీ అందరికీ సమానం కాదు. కాకపోతే పామాయిల్ దగ్గరికొచ్చేసరికి ఈ సూత్రాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకునే దారి మనకి లేదు. ఇక్కడ పెద్ద కొనుగోలుదారులం మనమే.

మీ షాపు గురించి. మీ నాన్నగారు మానేయాల్సిందేమీ లేదు. 15 కిలోల డబ్బా మీద ఏ నూనె అన్నది రాసి ఉంటుంది, ఏ మిల్లుదో ఉండదు. కనుక ఆయన చేతిలో ఎంచుకునే అవకాశమే లేదు. ఉన్నది ఒకటే, నూనె వృథా కాకుండా చూసుకోవడం. కళాయి మరీ కాగకుండా, మడ్డి ఎప్పటికప్పుడు వడగట్టుకుంటే నూనె ఎక్కువ రోజులు బాగుంటుంది. అలాగని నల్లబడేదాకా లాగొద్దు. టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పేరుకునే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. పాత నూనెని బయోడీజిల్‌కి తీసుకెళ్లే ఏజెన్సీలున్నాయి, కాలువలో పోయకుండా వాళ్లకి ఇవ్వండి, కిలోకి ఎంతో కొంత వస్తుంది కూడా.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే స్టాక్‌హోమ్ 21వ సూత్రంతో మొదలుపెట్టి, 16వ లక్ష్యం చెప్పి, తాబేళ్ల కేసుని ఒక పేరా రాయండి. ఇండియా ఫిర్యాదు చేసిన కేసే ఇండియా చేయాల్సిన పనికి ఆధారం అవుతుందని చూపించగలిగితే చాలామంది రాయని పాయింట్ మీరు రాసినట్టు. ఆ తీర్పు డబ్ల్యూటీవో సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెద్దదే, కానీ చివరి 30 పేజీలు చదివితే సరిపోతుంది. అర్థం కాని చోట ఇక్కడే అడగండి.